మరల వ్రేలిముద్రల కాలము

పూర్వము మన పల్లెలలో చదువురాని వానిని గుర్తించుటకు పరీక్షలు పెట్టవలసిన పని యుండెడిది కాదు. వాని బొటనవ్రేలిని చూచిన చాలును. దానికంటిన సిరాయే వాని చదువు ఎంతటిదో చెప్పుచుండెను. షావుకారు పత్రము వ్రాయించెడివాడు. వ్రాసినవాడు గడగడ చదివి వినిపించెడివాడు. రైతు తల యూపి, వ్రేలిని సిరాలో అద్ది, కాగితముపై నొత్తెడివాడు. నూరు రూపాయల అప్పునకు రెండు నూర్ల పత్రముపై ముద్ర వేసితినని తెలియునప్పటికి, పంట షావుకారు గాదెకు చేరియుండెడిది. చదువక సమ్మతించుట ఆనాటి పేదవాని దురదృష్టము.

ఆ దురదృష్టమును తొలగించుకొనుటకు నెల్లూరు జిల్లా పడమటి మెట్టసీమ పాటుపడిన విధము రాష్ట్రమంతయు నెరుగును. కొండాపురము మండలమునకు పొరుగుననున్న కలిగిరి మండలములో దూబగుంట అను గ్రామము కలదు. జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగుచున్న దినములలో అచ్చటి స్త్రీలు పగలెల్ల కూలిపనులు చేసి, రాత్రులు దీపము చెంత కూర్చుండి అక్షరములు దిద్దుకొనిరి. అక్షరములతోపాటు వారికి మరియొక విద్య అబ్బినది. అది "ఎందుకు?" అని అడుగు విద్య. మా కూలిడబ్బు సారా దుకాణమునకే ఎందుకు పోవలెను అని వారు 1992లో అడిగిరి. ఆ ప్రశ్న ఊరు దాటి, జిల్లా దాటి, 1993 అక్టోబరు నుండి రాష్ట్రమంతట సారా నిషేధమునకు దారితీసినది. వ్రేలిముద్ర విడిచి సంతకము నేర్చిన చేతులు ఎంతటి పని చేయగలవో దీనివలన తెలియుచున్నది.

ఇంతటితో వ్రేలిముద్రల కాలము ముగిసినదని మనము సంతోషించితిమి. కాని విచిత్రము చూడుడు! బొటనవ్రేలు మరల సింహాసన మెక్కినది. ఈసారి దానికి సిరా అంటదు. భేదము అంత మాత్రమే.

చేతిఫోనులో క్రొత్త యాప్ ఒకటి చేర్చుకొందుమనుకొనుడు. మొదట షరతుల పత్రమొకటి తెరపై కనబడును. అది మన పెన్నానది ఇసుకతిన్నెవలె ఎంత నడచినను తరుగదు. దాని చివర "అంగీకరించుచున్నాను" అను చిన్న గడి యుండును. మనము ఆ ఇసుకతిన్నెను ఒక్క గంతులో దాటి, గడిమీద బొటనవ్రేలు మోపుదుము. ఈ పని చదువురానివారు మాత్రమే చేయుచున్నారా? కాదు. ఎం.ఏ. పట్టము పొందినవాడును అట్లే చేయును. ఇంజనీరును అట్లే చేయును. ఒక ప్లీడరు గారు ఉదయమున కక్షిదారుని కూర్చుండబెట్టి, "చదువక దేనిమీదను సంతకము చేయవద్దు సుమా!" అని గట్టిగా బోధించి, సాయంకాలము ఇంటికి పోయి, నలువది పుటల షరతులకు అరనిమిషములో సమ్మతించును. చదువురానివాడు చదువలేక ముద్ర వేసెను. చదువుకొన్నవాడు చదువక ముద్ర వేయుచున్నాడు. వీరిలో ఎవడు ఎక్కువ జాలిపడదగినవాడో మీరే నిర్ణయింపుడు.

ఇది అతిశయోక్తి యని ఎవరైన తలచిన, ఇంగ్లండులో 2017లో జరిగిన వినోదమును వినవలెను. మాంచెస్టరు నగరమునకు చెందిన పర్పుల్ అను సంస్థ ప్రజలకు ఉచితముగా వైఫై నిచ్చుచు, తన షరతులలో ఒక చిలిపి వాక్యమును దొంగచాటుగా చేర్చినది. దాని ప్రకారము, అంగీకరించినవారు వేయి గంటలపాటు సమాజసేవ చేయవలెను, వీధికుక్కలను కౌగిలించుకొనవలెను, మరుగుదొడ్లను కడుగవలెను. రెండు వారములలో 22,000 మందికి పైగా మారుమాటాడక అంగీకరించిరి. ఆ వాక్యమును కనిపెట్టి అడిగినవాడు ఒక్కడే! ఆ సంస్థ వారిచేత ఆ సేవ చేయించుకొనలేదు గనుక వీధికుక్కలు బ్రతికిపోయినవి. అయితే మనము ప్రతిదినము అంగీకరించుచున్న షరతులలో అన్నియు పరిహాసములు కావు.

ఉదయగిరి చెక్క గరిటెలకు పేరుపొందినదని మీరెరుగుదురు. అచ్చటి దుకాణములో ఒక బాలుడు గరిటె కొనబోయినట్లు ఊహింపుడు.

"తాతా, ఈ గరిటె వెల ఎంత?" అని బాలుడడిగెను.

"వెల యేమియు లేదు నాయనా! ఊరకనే తీసికొని పొమ్ము. కాని మీ చుట్టములందరి పేర్లును చిరునామాలును ఇచ్చటి పుస్తకములో వ్రాయుము. నీవు దినదినము ఎక్కడికి పోవుచుందువో నా మనుమడు నీ వెంట నడచి వ్రాసికొనును. మీ ఇంటిలోని చిత్రపటములను ఒకసారి చూచి వచ్చెదను."

"గరిటెతో పప్పు కలుపుకొనుటకు ఇవన్నియు ఎందుకు తాతా?"

"నీకు మరింత మంచి గరిటె చేసిపెట్టుటకే నాయనా!"

ఏ బాలుడైనను ఆ గరిటెను అక్కడనే విడిచి పరుగెత్తును. మన ఉదయగిరి పనివారు ఇట్టి మాట కలలోనైనను అనరు. వారు గరిటెకు వెల చెప్పుదురు, మనమిత్తుము, లెక్క సరిపోవును. కాని ఫోనులోని యాప్‌లు అనేకము సరిగా ఈ మాటలే అనుచున్నవి. మనము పరుగెత్తుటకు బదులు బొటనవ్రేలు మోపుచున్నాము.

టార్చిలైటు కథ ఇందుకు తార్కాణము. చీకటిలో ఫోనును దీపముగా మార్చు "బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్" అను యాప్‌ను కోట్లకొలది జనులు ఉచితముగా పొందిరి. ఆ దీపము మనకు దారి చూపుటతో ఊరకుండక, మనమే దారిలో నడచుచున్నామో ప్రకటనల వ్యాపారులకు చూపుచుండెను. అమెరికా దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013 డిసెంబరులో ఈ సంగతిని బయటపెట్టినది. టార్చికి మన చిరునామాతో ఏమి పని యని మీకు సందేహము కలుగవచ్చును. టార్చికి పని లేదు. ప్రకటనలకు పని కలదు. ఫలానావాడు ఫలానా వీధిలో నున్నాడు, ఫలానా వస్తువును రెండుమార్లు చూచినాడు, రాత్రి పదకొండు గంటలకు మేలుకొని యున్నాడు అని తెలిసిన వ్యాపారి, వానికి తగిన వలను వానికి తగిన వేళలో వేయగలడు. అందుచేత ఈ చిన్న చిన్న వివరములకు అంగడిలో వెల కలదు. ఉచితమైన వస్తువును మనము కొనుచున్నామని తలచుచున్నాము. అచ్చట అమ్ముడుపోవుచున్నది మన వివరములే.

"గోడలకు చెవులుంటాయి" అని మన పెద్దలనిరి. వారు ఉపమానముగా ననిరి. ఇప్పటివారు ఆ చెవులను వెలయిచ్చి కొని గోడకు తగిలించుకొనుచున్నారు. పిలిచిన పలుకు స్పీకరు నొకదానిని అమెరికాలోని పోర్ట్‌లాండు నగరమున ఒక కుటుంబము ఇంటిలో పెట్టుకొనెను. 2018లో ఒకనాడు భార్యాభర్తలు ఇంటి నేలకు పరచిన చెక్కపలకలను గూర్చి మాటలాడుకొనుచుండిరి. ఆ మాటలలో ఏదియో ఒకటి తన పేరువలె తోచి స్పీకరు మేలుకొన్నదట. తరువాతి మాట "సందేశము పంపుము" అని దానికి వినబడెనట. ఎవరికి అని అది అడిగెను. వారు తమ సంభాషణలోనే యుండిరి. ఆ సంభాషణలో ఒక పరిచితుని పేరు దానికి వినబడెనట. ఇంకేమి! వారి మాటలన్నియు ఆ పెద్దమనిషికి చేరిపోయినవి. అమెజాన్ సంస్థ తానే ఈ వివరణ నిచ్చినది. పలకల సంగతి గనుక సరిపోయినది. పొరుగువారి సంగతి యైయున్న ఏమి కావలసినది? "పెదవి దాటితే పృథివి దాటుతుంది" అను సామెతకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

పెద్దలే కాదు, పిల్లలును ఈ చెవులకు దూరముగా లేరు. "మై ఫ్రెండ్ కైలా" అను మాటలాడు బొమ్మ యొకటి ఐరోపాలో అమ్ముడుపోవుచుండెను. బాలిక ఆడుకొనుచు చెప్పిన మాటలు ఇంటర్నెట్టు ద్వారా ఎక్కడికో పోయి, అచ్చటినుండి జవాబు వచ్చుచుండెను. బొమ్మవలె కనబడు ఈ వస్తువు రహస్యముగా వినెడి పరికరమే యని నిర్ణయించి, జర్మనీ అధికారులు 2017 ఫిబ్రవరిలో దానిని నిషేధించిరి. మన కొయ్యబొమ్మ మాటలాడలేదు, నిజమే. కాని విన్నమాటను కడుపులో దాచుకొను సుగుణము దానికి కలదు.

ఇచ్చట కొందరు ఒక ఆక్షేపణ తెత్తురు: "తప్పు చేయనివానికి దాచవలసినదేమున్నది?" ఈ ప్రశ్న వినుటకు గంభీరముగ నుండును. కాని ఇట్లడుగువారును స్నానముచేయునప్పుడు తలుపు గడియ వేసికొందురు. స్నానము తప్పా? మనము కుశలము వ్రాయునప్పుడు పోస్టుకార్డు వ్రాయుదుము. అనారోగ్యమును గూర్చియో అప్పును గూర్చియో వ్రాయవలసినప్పుడు కవరులో పెట్టి అంటింతుము. కవరు అంటించినవాడు నేరస్థుడని తపాలా జవాను ఏనాడును అనుమానింపలేదు. ఏ మాట ఎవరికి తెలియవలెనో నిర్ణయించు అధికారము ఆ మాట కలవానిది. గోప్యత యనగా అంతియే. దానిని పోగొట్టుకొన్నవాడు దొంగ కానక్కరలేదు. నష్టపడుటకు అమాయకుడైన చాలును.

ఆ నష్టము ఎక్కడనో విదేశములలో జరుగునది కాదు. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అను సంస్థ ఒక నివేదిక ప్రకటించినది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో కలిపి 13 కోట్లమంది ఆధార్ సంఖ్యలు బయటపడియుండునని అందులో అంచనా వేసిరి. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు చెందినవి: ఒకటి ఉపాధిహామీ కూలీల చెల్లింపులది, రెండవది చంద్రన్న బీమాది. మరుసటి సంవత్సరము ఏప్రిలులో హైదరాబాదునకు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి మరియొక సంగతి కనిపెట్టెను. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షకు పైగా పేదల ఆధార్ సంఖ్యలు, కులమతములు, బ్యాంకు వివరములు ఎవరైన చూచునట్లు పడియుండెను. ఇల్లు కావలెనని అర్జీ పెట్టినవారికి ఇల్లు కట్టకముందే గోడలు తీసివేసినట్లైనది! మెట్టసీమలో గుంటలు త్రవ్వి కూలి పుచ్చుకొను అవ్వకు వెబ్‌సైటు అననేమో తెలియదు. ఆమె వివరములు మాత్రము వెబ్‌సైటుకు తెలియును.

అదే 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులు అమ్ము నొక వర్తకుని పోలీసులు పట్టుకొనిరి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటునుండి భూముల దస్తావేజులను దింపుకొని, వానిపైనున్న వ్రేలిముద్రలకు రబ్బరు నకళ్లు చేసి, వానితో వేలకొలది సిమ్‌కార్డులను అతడు చెలామణికి తెచ్చెనని వారు ప్రకటించిరి. ఎన్నడో పొలము అమ్ముకొన్నప్పుడు వేసిన ముద్ర, వేసినవానికి తెలియకయే, మరియొక చోట మరియొక పని చేసినదన్నమాట! పాస్‌వర్డు పోయిన మరియొకటి పెట్టుకొనవచ్చును. తాళము పోయిన తాళము మార్చవచ్చును. బొటనవ్రేలిని మార్చుకొనుట ఎట్లు?

చట్టము ఈ విషయమున నిద్రించుచున్నదని చెప్పరాదు, మెల్లగా మేలుకొనుచున్నది. ఈ చర్చ ఆరంభమైనదే ఒక క్రొత్త వస్తువువలన. 1888లో కొడక్ చేతికెమేరా వచ్చి ఎవరు పడిన వారి ఛాయాచిత్రము ఎవరు పడిన వారు తీయసాగిరి. రెండేండ్లకు, 1890లో, వారెన్, బ్రాండైస్ అను ఇద్దరు అమెరికా న్యాయవాదులు మనుష్యునకు ఏకాంతముగ నుండు హక్కు కలదని వాదించుచు ఒక ప్రసిద్ధవ్యాసము వ్రాసిరి. మన దేశములో ఆ వాదమును గెలిపించినవారిలో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి ముఖ్యులు. వారు వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా, గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. అప్పటికి పుట్టస్వామిగారి వయస్సు తొంబది దాటినది. యాప్‌లు పిల్లల వ్యవహారమని తలచు వృద్ధులును, హక్కులు వృద్ధుల వ్యవహారమని తలచు పిల్లలును ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

తరువాత 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు చట్టము చేసినది. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి. అవి దశలవారీగా పదునెనిమిది నెలలలో అమలులోనికి వచ్చునట్లు ఏర్పాటైనది. అందులో మీకు పనికివచ్చు సంగతులు రెండు కలవు. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములు తీసికొనుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెను. రెండవది నాకు మరింత ప్రియమైనది: సమ్మతి కోరువారు తమ కోరికను స్పష్టమైన సులభభాషలో చెప్పవలెను, దానిని రాజ్యాంగము గుర్తించిన భాషలలో, అనగా తెలుగులోను, చదువుకొను అవకాశ మీయవలెను. ఇసుకతిన్నె ఇంగ్లీషులో నున్నదని ఇక తప్పించుకొన వీలులేదు.

ప్రశ్నించిన ఫలము కలుగునని చూపు నిదర్శన మింకొకటి ఇటీవలనే కలిగినది. అమ్మకమునకు వచ్చు ప్రతి క్రొత్త ఫోనులోను "సంచార్ సాథీ" అను యాప్‌ను ముందుగనే పెట్టవలెనని కేంద్ర టెలికాం శాఖ 2025 నవంబరు చివర ఫోనుల తయారీదారులను ఆదేశించినది. దొంగిలింపబడిన ఫోనులను పట్టుటకు, మోసములను అరికట్టుటకు అది ఉపకరించునని ప్రభుత్వము చెప్పినది. ఉద్దేశము మంచిదే కావచ్చును. మా ఫోనులో దేనిని ఉంచవలెనో మేము గదా నిర్ణయించుకొనవలసినది యని పలువురు అడిగిరి. డిసెంబరు 3న ప్రభుత్వము ఆ నిర్బంధమును ఉపసంహరించుకొనెను. కావలసినవారు దానిని నేడును ఇష్టపూర్వకముగ చేర్చుకొనవచ్చును. దూబగుంట స్త్రీలడిగిన "ఎందుకు?" అను మాట ఇంకను వాడి తగ్గలేదు.

ఇంతమాత్రమున ఫోనులను బావిలో పారవేయుడని నేను చెప్పుటలేదు. పొట్టకూటికై నగరములకు పోయిన కొడుకు ముఖమును కొండాపురములోని తల్లి ఆ తెరమీదనే చూచుచున్నది. ధాన్యము ధర, వాన రాకడ, బస్సు వేళ, పరీక్షా ఫలితము అన్నియు దానిలోనే తెలియుచున్నవి. మేలైన వస్తువునకు కావలి యుంచుట ఆ వస్తువును ద్వేషించుట కాదు. ఉదయగిరి దుర్గమును చూడుడు. దానిని పట్టుటకు శ్రీకృష్ణదేవరాయలంతటివానికి 1513, 1514 సంవత్సరములలో ఇంచుమించు పదునెనిమిది నెలలు పట్టినది. కొండను తొలిచి, బండలను పగులగొట్టి దారి చేయవలసివచ్చినదని పోర్చుగీసువాడైన నూనిజ్ వ్రాసినాడు. ఆ దుర్గమునకును ద్వారము లుండెను, రాకపోకలును జరిగెను. ద్వారము వద్ద "ఎవరు? ఎందుకు?" అని అడుగువాడొకడు ఉండుటయే దుర్గమునకు బలము. మన కోటలో ఆ కావలివాడు మన బొటనవ్రేలే. వాడు నిద్రమత్తులో అందరికిని తలుపు తీయుచుండిన, గోడలు ఎంత ఎత్తున్న నేమి?

కావున విద్యార్థులారా, ఈ కావలివానికి కొంచెము శిక్షణ నీయవలసియున్నది. యాప్ ఏదైన అనుమతి కోరినప్పుడు, దాని పనికి అది అవసరమా యని అడుగుడు. పటమునకు మీరున్న చోటు తెలియవలెను, సరియే. చదరంగపు ఆటకు మీ మాటలు వినవలసిన అవసర మేమి? అక్కరలేని అనుమతులను నిరాకరింపుడు. చాలమట్టుకు యాప్ అలుగక పనిచేయును. బ్యాంకునుండి వచ్చు ఓటీపీ సంఖ్యను ఎవరడిగినను చెప్పకుడు. మిమ్ములను ఫోనులోనే అరెస్టు చేసితిమని ఎవడైన బెదరించిన, అట్టి అరెస్టు మన చట్టములలో లేదని తెలిసికొనుడు; సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు తెలుపుడు.

ఇంతకంటె ముఖ్యమైన పని మరియొకటి మీచేతిలోనే యున్నది. అనేక గృహములలో అవ్వతాతల ఫోనులను నడుపువారు మీరే. "ఏమిరా అబ్బాయీ, ఇదేదో అడుగుచున్నది, చూడు" అని అవ్వ ఫోను చాచగనే, ఆమెకు మారుగ మీరు గడి నొత్తుచున్నారు. ఆ క్షణమున మీరు పత్రము చదివి వినిపించు వ్రాయసకాని స్థానములో నున్నారు. అతడు గడగడ చదివి రైతును ముంచెను. మీరు నిదానముగ చదివి, అర్థము చెప్పి, "అవ్వా, ఇది మన చుట్టముల పేర్లన్నియు అడుగుచున్నది, ఇత్తమా వద్దా?" అని అడుగవచ్చును. అక్షరజ్ఞానము లేని అవ్వ సహితము ఆ ప్రశ్నకు తడుముకొనక సరియైన జవాబు చెప్పును. ఇంటి గుట్టు విలువ ఆమెకు బాగుగ తెలియును; అడుగువాడు లేకయే ఇన్నాళ్లు ఊరకుండెను.